మూత తిప్పి పెట్టిన గ్లాసు

మలుపు తిరగ్గానే బస్సు కుదుపుతో ఆగింది. ముందు సీట్లో కునుకు తీస్తున్న పెద్దమనిషి నుదురు కడ్డీకి కొట్టుకుంది. ఎవరినో ఒకరిని తిట్టాలి కాబట్టి ఆయన డ్రైవర్ని తిట్టాడు. డ్రైవర్ తన వంతుగా ఎదురుగా ఉన్న లారీని తిట్టాడు. లారీ వెనక తలుపు ఊడి, అందులోంచి ఖాళీ చెక్క పీపాలు దొర్లుకుంటూ వచ్చి రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. వాటిని తిట్టేవాళ్ళు మాత్రం ఎవరూ లేకపోయారు.

ప్రయాణంలో ఉన్న వింత ఇదే. ఇంట్లో కూర్చున్నవాడు కథ కోసం వెతుక్కోవాలి, రోడ్డు మీద ఉన్నవాడికి కథే అడ్డం పడుతుంది. నాలుగు దేశాలు తిరిగినవాళ్ళని అడిగి చూడండి. వెళ్ళిన ఊళ్ళో ఏం చూశారో మర్చిపోయి ఉంటారు గానీ, దారిలో టైరు పేలిన చోటు మాత్రం పక్కనున్న టీకొట్టు రంగుతో సహా చెబుతారు. కానీ ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆవిడకి ఆ పూట ఏ కథా అక్కర్లేదు. పొద్దెక్కకముందే పనికి చేరాలి, అంతే.

ఆవిడ చేసేది ముక్కుతో పని. పెద్ద విస్కీ కంపెనీ ఒకదానిలో రుచి గది అని ఉంటుంది. తయారైన ప్రతి పీపా నుంచీ కాస్త తీసి అక్కడికి పంపిస్తారు. గదిలో కూర్చున్నవాళ్ళు వాసన చూసి, నాలుక తడిపి, ఉమ్మేసి, నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. మనిషికి మార్కులు వేయడం ఎంత సరదా అంటే, పిల్లల చదువుకీ పెళ్ళిచూపులకీ వేసి ఊరుకోక, ఆఖరికి వాసనకి కూడా వేస్తాడు. ఆవిడ ఆ గదిలో జుట్టు నెరిసేదాకా పనిచేసింది. అయినా గేటు దగ్గర కాపలావాడి నుంచి కంపెనీ పెద్దల దాకా ఆవిడని పిలిచే పేరు ఒక్కటే: మేనకోడలు. ఎందుకంటే ఆ గదికి పెద్ద, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, ఆవిడ తల్లికి స్వయానా తమ్ముడు. ఆయన మేనకోడలిగా గదిలో అడుగుపెట్టింది, మేనకోడలిగానే మిగిలిపోయింది.

రుచి చూసేవాళ్ళ ఇల్లు వేరే రకంగా ఉంటుంది. వాళ్ళింట్లో సబ్బుకి వాసన ఉండదు, బట్టలకి ఉండదు, పౌడరు డబ్బా అన్నది కనిపించదు. "మా ఇంట్లో పువ్వులు కూడా పర్మిషన్ తీసుకుని పూస్తాయి" అని ఆవిడ భర్త చుట్టాలతో నవ్వుతూ చెబుతాడు. నవ్వు ఎక్కడ ఆగి నిష్ఠూరం ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలియదు. కూతురు హాస్టల్లో చేరగానే కొనుక్కున్న మొదటి వస్తువు సెంటు సీసా. ఆ కూతురిని చూసి ఆవిడ ఇప్పుడు తిరిగి వస్తోంది. బస్టాండులో పిల్ల రెండడుగుల దూరంలోనే ఆగి, "అమ్మా, దగ్గరికి రాకు, సెంటు కొట్టుకున్నా. నీకు ఇవాళ పెద్ద పని కదా" అని గాలిలోనే చేతులు చాపింది. తల్లి కూడా గాలిలోనే కౌగిలించుకుని బస్సెక్కింది.

నిజంగానే ఆ రోజు పెద్ద పని. అందులోని బరువేమిటో బస్సు దిగాక గానీ ఆవిడకి తెలియలేదు.

దారి ఖాళీ అయ్యేలోపు కాళ్ళు సాగదీద్దామని దిగి, దగ్గరగా పడి ఉన్న పీపా వైపు నడిచింది. పీపా మూత మీద కాల్చి వేసిన ముద్ర: ద్రాక్షగుత్తి, దాని కింద రెండు గీతలు. పెద్దాయన తెచ్చి గిడ్డంగిలో పెట్టించిన పీపాల మీద ఆవిడ చూసిన ముద్రే అది. వంగి, పీపా పొట్ట మీదున్న బిరడా పీకి, కన్నంలో ముక్కు పెట్టింది.

మొదట ఎండుద్రాక్ష, ఆ వెనక తేనె, పాత పుస్తకాల బీరువా తలుపు తీసినప్పటి వెచ్చదనం. బాగానే ఉంది. ఆ తర్వాత, కుర్చీల్లోంచి అందరూ లేచి వెళ్ళిపోయాక మూల నుంచి దగ్గినవాడిలా, అది వచ్చింది. అప్పుడే ఊదేసిన అగ్గిపుల్ల. గంధకం.

"ఏంటమ్మా, పీపాలో తల పెట్టేశావ్?" లారీ డ్రైవర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "లోపల చుక్క లేదు. ఎవరో నీకంటే ముందే తాగేశారు."

"ఇవి ఎక్కడివి బాబూ?"

"ద్రాక్ష తోటల వైపు నుంచి. అక్కడ వైన్ చేసే కొట్టు మూసేశారుగా, దానివి. రెండు ముక్కలు కోసి పూలకుండీలు చేస్తారట. మట్టి పోసి మొక్క పెడితే దానికేం పోయింది, అడుగుతుందా ఏమన్నా?"

"ఇంత మంచి చెక్క పూలకుండీలకా?"

"మంచిదే, ఏం లాభం? కొనేవాడు లేక ఏళ్ళ తరబడి ఖాళీగా పెట్టాడు ఆసామి. ఖాళీ పీపా పాచిపోతుందని నెల నెలా లోపల గంధకం వత్తి వెలిగించాడు. ఒక్కసారి కాదు, వెలిగించిందే వెలిగించడం. ఇప్పుడు వీటి పక్కన పడుకుంటే నాకు కలలో కూడా దీపావళి టపాకాయలే." అతను నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అయితే ఒకాయన వచ్చాడమ్మా అప్పుడెప్పుడో. తెల్లటి జేబురుమాలు, పెద్ద దర్జా. ప్రతి దాంట్లోనూ ముక్కు పెట్టి, ఆహా, ఓహో అనుకుంటూ సగం పీపాలు ఏరుకుపోయాడు. ఆసామి అయితే ఆయన కాళ్ళకి దండం పెట్టినంత పని చేశాడు. నేనే తోలాను ఆ లోడు."

ఆ తెల్లటి జేబురుమాలు ఎవరిదో ఆవిడకి చెప్పనక్కర్లేదు.

పెద్దాయన త్వరలో రిటైరవుతున్నాడు. వెళ్ళేముందు తన పేరు మీద ఒక విస్కీ వదిలి వెళ్ళాలని కంపెనీ కోరింది. సీసా మీద ఆయన సంతకం అచ్చు వేస్తారు. విస్కీ ఏళ్ళ తరబడి మామూలు ఓక్ పీపాలో పండుతుంది. ఆ తర్వాత చివరి కొన్ని నెలలు దాన్ని ఇంకో రకం పీపాలోకి, అంటే అంతకుముందు రమ్మో, తియ్యటి వైనో తాగి నానిన పీపాలోకి మారుస్తారు. ఆ చెక్క తాగింది విస్కీకి కొంచెం తాగిస్తుంది. గదిలో దాన్ని ఆఖరి పీపా అంటారు. ఆఖరి పీపా సరైనదైతే విస్కీ నిలబడుతుంది, తప్పైతే అన్నేళ్ళ పంటా బురదే. పెద్దాయన తన విస్కీకి ఆఖరి పీపాలు తనే ఒంటరిగా వెళ్ళి ఎంచుకొచ్చాడు. ఇవాళ వాటిని తెరిచి రుచి చూసే రోజు.

ఆవిడ ఫోన్ తీసి మావయ్యకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఎత్తడని తెలుసు. రుచి చూసే రోజు పొద్దున్న ఆయన ఎవరితోనూ మాట్లాడడు. ఉత్త నీళ్ళతో నోరు పుక్కిలించి, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసి బయలుదేరుతాడు. అయినా ఇంకోసారి చేసింది.

పీపాలు పక్కకి దొర్లించారు. బస్సు కదిలింది. నుదురు కొట్టుకున్న పెద్దమనిషి మళ్ళీ కునుకు మొదలుపెట్టాడు.

అంత పేరున్న పెద్దాయన గంధకం పట్టిన పీపాల్లో ముక్కు పెట్టి ఆహా అని ఎలా అనుకున్నాడన్నది లోకంలో ఇద్దరికే తెలిసిన సంగతి. ఒకరు ఆయన. రెండోవారు ఈ బస్సులో కూర్చున్న ఆవిడ.

చిన్నప్పుడు ఆవిడా తల్లీ మావయ్య ఇంట్లోనే ఉండేవాళ్ళు. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి వంటింటి నిండా గ్యాసు. గ్యాసుకి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని కంపెనీవాళ్ళు కావాలనే ఒక కుళ్ళు వాసన కలుపుతారు. ఆ వాసనలో ఉన్నది గంధకమే. ఆ కంపు వీధి దాకా కొడుతోంది. మావయ్య మాత్రం పొయ్యి ముందు తాపీగా నిలబడి, పాట కూనిరాగం తీస్తూ అగ్గిపెట్టె తెరుస్తున్నాడు. ఆ పిల్ల పెట్టిన కేకకి ఆయన చేతిలోని పెట్టె కింద పడింది. "ఏం వాసనే? ఏదీ?" అని ఆయన నాలుగు మూలలా ముక్కు తిప్పి వెతికాడు. ఆ వెతకడంలోని తెల్లబోయిన మొహం ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. కొందరికి కొన్ని రంగులు కనపడనట్టు, కొందరి ముక్కుకి కొన్ని వాసనలు అందవు. ఆయనకి పుట్టుకతోనే గంధకం అందదు. మిగతావన్నీ అందరికంటే ఎక్కువ అందుతాయి, ఆ ఒక్కటే లేదు.

తల్లితో చెబుతానంటే ఆయన పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వద్దమ్మా. నా బతుకే ముక్కు" అన్నాడు. పెద్దయ్యాక ఆ పిల్లని తన గదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి గ్లాసు మీదా వాసన పోకుండా చిన్న గాజు మూత ఉంటుంది, ఉబ్బెత్తు వైపు పైకి. గంధకం తగిలితే ఆవిడ ఆ మూతని వెల్లకిలా పెడుతుంది. పెద్దాయన పక్క కుర్చీలోంచి ఒక్క చూపు చూసి, తన గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, నిట్టూర్చి, "అగ్గిపుల్ల" అంటాడు. గదంతా ఆశ్చర్యంతో ముక్కున వేలేసుకునేది. ఆయన చేతి కింద గంధకం పీపా ఒక్కటీ బయటికి పోలేదన్న పేరు అలా వచ్చింది. పీపాలు కొనడానికి ఎక్కడికి వెళ్ళినా మేనకోడలు సంచి మోసుకుంటూ వెంట వెళ్ళేది. చూసినవాళ్ళు "ఎంత సేవ చేస్తోందో" అనేవారు.

ఈ పీపాలకి మాత్రం ఆయన ఆవిడని రావద్దన్నాడు. "ఈ ఒక్కటీ నా ముక్కుతోనే" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆవిడకి అప్పుడే భయం వేసింది. భయం వేసినా, ఎదుటి మనిషి జీవితంలో ఒక్కసారి ఒక్కడే నడుస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపడం ఎలా?

రుచి గదికి పెద్ద అందం ఉండదు. తెల్లటి గోడలు, పొడవాటి బల్ల, ఉమ్మడానికి తొట్లు, వాసన లాగేసే ఫ్యాను, మంచినీళ్ళ జగ్గు. రంగు చూసి మోసపోకుండా గ్లాసులు ముదురు నీలంవి. ఆవిడ పరుగులాంటి నడకతో చేరేసరికి నలుగురూ కూర్చుని ఉన్నారు: కొత్తగా చేరిన ల్యాబ్ అమ్మాయి, అమ్మకాలు చూసే ఆయన, పీపాల గిడ్డంగి చూసే ఆయన, బల్ల చివర పెద్దాయన. జేబురుమాలు మడత పెట్టి ముందు పెట్టుకున్నాడు. మొహం పెళ్ళికొడుకులా ఉంది.

"రా మేనకోడలా, రా. నువ్వు లేకపోతే మీ మావయ్య మొదలుపెట్టనన్నాడు" అన్నాడు అమ్మకాలాయన.

"సార్, ఒక్క నిమిషం బయటికి వస్తారా?" అని ఆవిడ అడిగింది. గదిలో ఆయన్ని ఎప్పుడూ సార్ అనే అంటుంది.

పెద్దాయన వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. రుచి చూడకముందు మాటలొద్దు. ఆయన పెట్టిన నియమమే అది. ఆవిడ కూర్చుంది.

ఒక్కొక్కరి ముందు నాలుగు గ్లాసులు. నాలుగింటిలోనూ ఉన్నది ఒకే విస్కీ, ఆఖరి పీపా మాత్రం వేరు. ఒకటి రమ్ము పీపాలోది, ఒకటి తియ్యటి ఎర్ర వైన్ పీపాలోది, ఒకటి పీపా మార్చకుండా ఓక్‌లోనే వదిలేసింది. ఇంకొకటి పెద్దాయనది. ఏది ఏదో గ్లాసుల మీద రాయరు. రాయకపోయినా ఆవిడకి రెండో గ్లాసు మూత ఎత్తగానే పాకం, అరటిపండు చెప్పేశాయి, రమ్ము అని. ఒకటోది ఓక్, మౌనంగా ఉంది, దాని మానాన అది పెద్దమనిషిలా ఉంది. నాలుగోది ఎర్ర వైన్, కాస్త వాగుడుకాయ. మూడోది ఎత్తడానికి ముందు ఆవిడ నీళ్ళు తాగింది.

మన భాషలో మంచి వాసనకి మాటలు తక్కువ. చెడ్డ వాసనకి మాత్రం కొదవ లేదు: కంపు, కమురు, నీచు, పాచి, ముక్క వాసన. మంచి వాసన వస్తే మన పెద్దలు ఊరుకుని అనుభవించేవారు కాబోలు, చెడ్డది వస్తేనే పేరు పెట్టి పిలిచి తరిమేవారు. మూడో గ్లాసులో మొదట వచ్చినవాటికి ఆవిడ దగ్గర పేర్లు లేవు. అంత బాగుంది. ఏళ్ళ తరబడి పండిన గింజ తీపి, ఎండుద్రాక్ష, దూరంగా ఎవరో తోలు సంచి తెరిచినట్టు. మావయ్య నిజంగా గొప్పవాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. అప్పుడు మూల నుంచి అది దగ్గింది. పీపాలో ఉన్నదే. గోకలేదు, కడగలేదు, ఎవరూ దాన్ని తరమలేదు.

ఆవిడ గ్లాసు దించి, మూతని వెల్లకిలా పెట్టింది.

పెద్దాయన చూశాడు. చూశాడన్నది ఆవిడకి ఖాయంగా తెలుసు, ఎందుకంటే ఆయన చెంప మీద కండ ఒకటి కదిలింది. తర్వాత ఆయన కళ్ళు మూత మీంచి జారి, గోడ మీదకి వెళ్ళి, అక్కడే ఉండిపోయాయి.

మార్కులు చెప్పడం చిన్నవాళ్ళ నుంచి మొదలవుతుంది, పెద్దల మాట విని మార్చుకోకుండా. కారణాలు అందరూ చెప్పాకే.

"మూడో గ్లాసు?" అన్నాడు గిడ్డంగాయన.

"ఎనభై" అంది ల్యాబ్ అమ్మాయి, ఏదో ఆలోచిస్తూ.

"తొంభై రెండు" అన్నాడు అమ్మకాలాయన. ఆయన పెద్దాయనది ఏదో కనుక్కుని దానికి తొంభై దాటించడంలో దిట్ట.

"నాది ఎనభై అయిదు" అని గిడ్డంగాయన ఆవిడ వైపు తిరిగాడు.

ఆవిడ గొంతు సవరించుకుంది. "యాభై ఎనిమిది."

ఎవరో కుర్చీ జరిపారు. యాభై ఎనిమిదంటే ఆ గదిలో ఛీ అన్నట్టే. పెద్దాయన గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే నిట్టూర్చాడు.

"తొంభై నాలుగు" అన్నాడు.

అమ్మకాలాయన ఇబ్బందిగా నవ్వాడు. "ఇదేంటండీ, మావయ్యా మేనకోడళ్ళ మధ్య ఇంత ఎడమా?"

"అమ్మాయికి జలుబు చేసినట్టుంది" అన్నాడు పెద్దాయన, ఆవిడ వైపు చూడకుండా. "కూతురి కోసం ఊరు వెళ్ళి వచ్చింది. ప్రయాణం, చలిగాలి. ఇవాళ్టికి ఆవిడ మార్కులు కొట్టేయండి."

బయట ప్రపంచంలో జలుబు అంటే జలుబే. ఆ గదిలో అది వంటవాడిని చేతులు కడుక్కోలేదనడం లాంటిది. జలుబున్న మనిషి లోపలికి రాకూడదు. వచ్చి మార్కులు వేస్తే మోసం. గిడ్డంగాయన తల దించుకుని పెన్నుతో గీత గీశాడు. ఆ గీత ఆవిడకి వీపు మీద తగిలింది.

"నాకు జలుబు లేదు మావయ్యా" అంది. సార్ అనడం మర్చిపోయింది.

"ఉన్నవాళ్ళకి తెలియదమ్మా."

"ఇందులో గంధకం ఉంది."

"ఉంటే నాకు తెలియదా?" ఆయన గొంతు పెంచలేదు. గదిలో నలుగురూ ఆయన్నే చూశారు, తెలియకపోవడమేమిటన్నట్టు. గంధకం పట్టడంలో ఆయనంతటివాడు లేడు కదా.

అప్పుడు ల్యాబ్ అమ్మాయి మెల్లగా నోరు విప్పింది. "సార్, తేలిక పద్ధతి ఉంది. గంధకాన్ని రాగి పట్టేస్తుంది. మూడో గ్లాసుదే కొంచెం తీసి రాగి తీగ ముంచి వడగడతాను. మూడు గ్లాసులు పెడతాను, రెండిట్లో మామూలుది, ఒకదాంట్లో రాగి తగిలింది. వేరేది ఏదో మీ మేనకోడలు కనిపెట్టగలిగితే ఆవిడకి జలుబు లేనట్టే, గంధకం ఉన్నట్టే."

"భేష్!" అన్నాడు అమ్మకాలాయన, గొడవ ఎలాగోలా సర్దుకుపోతే చాలన్నట్టు. "మేనకోడలి తర్వాత సార్ కూడా చూస్తారు. సార్‌కి రెండూ ఒకటే అనిపిస్తే గంధకం లేనట్టు. ఒక్క దెబ్బకి తేలిపోతుంది."

ఆయన సార్‌ని గెలిపిస్తున్నాననే అనుకున్నాడు పాపం. పెద్దాయన నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. నీళ్ళు కొంచెం బల్ల మీద ఒలికాయి. వద్దనడానికి ఆయన దగ్గర కారణం లేదు. జలుబు మాట ఎత్తింది ఆయనే.

తెర వెనక ల్యాబ్ అమ్మాయి రాగి తీగతో తంటాలు పడింది. ట్రే వచ్చింది. ఆవిడ మొదటి మూత ఎత్తింది. అగ్గిపుల్ల. రెండోది ఎత్తింది. ఎండుద్రాక్ష, తేనె, తోలు. అంతే, వెనక ఎవరూ దగ్గలేదు. మూడోది చూడనక్కర్లేదు గానీ చూసింది. అగ్గిపుల్ల. కాగితం మీద గుర్తు పెట్టి మడిచి ల్యాబ్ అమ్మాయికి ఇచ్చింది.

రెండో గ్లాసు మూత ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

ఇప్పుడు ఈ గ్లాసుల్నే అటూ ఇటూ మార్చి పెద్దాయన ముందు పెడతారు. ఆయన మూడూ చూస్తాడు. ఆయనకి మూడూ ఒకటే. మూత మామూలుగా పెడితే ఆయన ఏదో ఒకటి చూపిస్తాడు, లేదా తేడా లేదంటాడు. మడిచిన కాగితం విప్పుతారు. రాగి అబద్ధం చెప్పదని ఈ అమ్మాయి చెబుతుంది. ఇన్నేళ్ళ పేరు ఈ బల్ల మీదే, అమ్మకాలాయన కళ్ళ ముందే పోతుంది. జలుబు ఎవరికో తెలుస్తుంది. తెలియాలి కూడా. వీపు మీద గీత ఇంకా మండుతోంది. మూత మామూలుగా పెట్టడం అబద్ధం కాదు, మోసం కాదు, అసలు పనే కాదు. ఊరుకోవడం, అంతే.

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన చూపు బల్ల మీద ఉంది. ముక్కు కొద్దిగా పైకెత్తి, నాలుగు మూలలా మెల్లగా తిప్పుతున్నాడు. ఏదీ అన్నట్టు. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని వంటింట్లో వెతికినప్పటి మొహమే అది, ముడతలు ఎక్కువయ్యాయంతే.

ఆవిడ మూతని వెల్లకిలా పెట్టింది.

ల్యాబ్ అమ్మాయి గ్లాసులు జరిపింది. ఆ అమ్మాయి వేళ్ళు తిరగబడ్డ మూత మీద ఒక్క క్షణం ఆగాయి. సరిచేయబోతోందని ఆవిడ ఊపిరి బిగపట్టింది. వేళ్ళు పక్కకి వెళ్ళిపోయాయి. ట్రే పెద్దాయన ముందు ఆగింది.

ఆయన చూశాడు. మూత వంక చాలాసేపు చూశాడు. మూడింటిలో తిరగబడింది ఒక్కటే, అంటే రాగి తగిలింది అదేనని చెబుతోంది. దాన్ని నమ్మాలా వద్దా అని చూశాడేమో. జలుబు అన్నది తనే కదా, అవతలి మనిషి కసి తీర్చుకోవాలనుకుంటే ఇంతకంటే మంచి చోటు ఏముంది? మొదటి గ్లాసు ఎత్తాడు. రెండోది ఎత్తాడు. మూత తిరగబడ్డ మూడోది ఎత్తి, కళ్ళు మూసుకుని, నిట్టూర్చలేదు.

"ఇది వేరు. ఇది శుభ్రంగా ఉంది" అన్నాడు. "మిగతా రెండిట్లో అగ్గిపుల్ల."

ల్యాబ్ అమ్మాయి కాగితం విప్పింది. "ఇద్దరూ కరెక్టే సార్."

గది గాలి పీల్చుకునే లోపలే, ఎవరూ ఇంకేమీ అడిగే లోపలే, పెద్దాయన లేచి నిలబడ్డాడు. జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. 

"ఇందాక గ్లాసు ఎత్తగానే పట్టాను. ఎవరు పట్టుకుంటారో చూద్దామని ఊరుకున్నాను. తొంభై నాలుగన్నాను, జలుబన్నాను. నా మాట మీద ఎదురు నిలిచింది మా మేనకోడలు ఒక్కతే. మిగతావాళ్ళు నా మొహం చూసి మార్కులేశారు. నేను వెళ్ళాక ఈ గది ఇలాగే నడుస్తుందా?"

"అమ్మో, సార్! మా ప్రాణాలు తోడేశారండీ!" అమ్మకాలాయన చప్పట్లు కొట్టాడు. "పరీక్షా ఇది! మేనకోడలా, నెగ్గావు పో! ఫస్టు క్లాసు!"

గిడ్డంగాయన నవ్వుతూ తను గీసిన గీత మీద ఇంకేదో గీసి దాన్ని చెరపబోయాడు. అది ఇంకా నల్లగా అయింది. ల్యాబ్ అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ట్రే మీద వెల్లకిలా ఉన్న మూతనీ, ఆవిడనీ మార్చి మార్చి చూసింది.

"మరి సంతకం సీసా సంగతేంటి సార్?" అన్నాడు అమ్మకాలాయన.

పెద్దాయన గ్లాసు వంక చూశాడు. అప్పుడు మాత్రం మొహంలో అబద్ధం లేదు. ఆ విస్కీ ఆయనదే, ఆయన ఒక్కడి ముక్కుతో ఎంచుకున్నదే, ఇక ఏ సీసాలోకీ పోదు. "పారబోయండి" అన్నాడు. గ్లాసు పక్కకి నెట్టి, "ఇంకోటి పెడతాను. అది పండేదాకా నేనెక్కడికీ వెళ్ళను. పెద్దలతో నేనే మాట్లాడతాను" అన్నాడు.

మళ్ళీ చప్పట్లు. ఆవిడ భుజం తట్టినవాళ్ళున్నారు. ఆవిడ చేతులు బల్ల మీద ఉన్నాయి. రాబోయే ఏళ్ళన్నీ మూతల్లాగా ఆవిడ కళ్ళ ముందు వరసగా కనిపించాయి, ఒకటి తర్వాత ఒకటి, తిప్పి పెట్టాల్సినవి.

తెల్ల కోటు విప్పి కొక్కేనికి తగిలించి, సంచి తీసుకుని బయటికి వచ్చింది. గిడ్డంగి మెట్ల దగ్గర పెద్దాయన నిలబడి ఉన్నాడు. పీపాలు ఎండకి ఆరుతున్నాయి, తడి చెక్క వాసన నెమ్మదిగా పైకి లేస్తోంది. ఆయన ఆవిడని చూసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చిన్నగా నవ్వాడు. చిన్నప్పుడు బడికి దింపినప్పటి నవ్వు.

"జలుబు తగ్గిందా?" అన్నాడు.

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. ఆయన నవ్వు కొంచెం పక్కకి ఒరిగింది.

"అమ్మాయ్, నాకు వేరే దారి లేకపోయింది. తెలుసుగా నీకు? నీకు కాక ఎవరికి తెలుసు?" జేబురుమాలు మడిచాడు, విప్పాడు. "పోనీలే. రేపు పొద్దున్నే బయలుదేరదాం. కొత్త పీపాలు చూడాలి, దక్షిణం వైపు ఒక పాత కొట్టు ఉందట. ఈసారి నువ్వూ రా. సంచి నేను మోస్తాలే."

ఆవిడ ఆయన మొహం చూసింది. ఆ మొహంలో ఆవిడకి తెలియనిది ఏదీ లేదు. అందుకే చూడవలసినది కూడా ఏమీ మిగల్లేదు.

చిన్నప్పటి నుంచి ఆయన ఎదురుగా గుమ్మం దాటిన ప్రతిసారీ ఆవిడ "వెళ్ళొస్తా మావయ్యా" అనేది. అనకుండా వెళ్తే ఆయన వెనక్కి పిలిచి అనిపించుకునేవాడు. ఇప్పుడూ ఆ మాట కోసమే ఆయన మెడ కాస్త ముందుకి వంచి నిలబడ్డాడు.

ఆవిడ సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. ఆరుతున్న పీపాల మధ్య నుంచి, ఒక్కదానికి కూడా ముక్కు ఆనించకుండా, గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది.